రెండో సంతకం

తలుపు తీసిన సత్యలక్ష్మి గడప దగ్గరే బిగుసుకుపోయింది. మెట్టు మీద నితీష్. పోయినవారం వాళ్ళిద్దర్నీ అలా ఎదురెదురుగా నిలబెట్టి వదిలాం.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 'తీరం' అనేది ఒక లినక్స్. అంటే కంప్యూటర్‌ని నడిపించే సరంజామా. ఏ కంపెనీ అమ్మేదీ కాదు. మన అనకాపల్లి చుట్టుపక్కల ఆడపిల్లలూ మగపిల్లలూ కొందరు, పగలు కూలికో కంపెనీకో పోయి, సాయంత్రాలు కూర్చుని, పైసా జీతం లేకుండా నిలబెట్టింది. అందులో ఒక్కో ప్రోగ్రామునీ ఒక్కో ప్యాకేజీగా కట్టి పెడతారు. ఒక్కో ప్యాకేజీకీ ఒక మెయింటైనరు, అంటే బాధ్యత మోసే మనిషి. సత్యలక్ష్మి కట్టిన ప్యాకేజీ పేరు 'వేటకబురు'. వాతావరణ కేంద్రం నుంచి వచ్చే హెచ్చరికని అందుకుని, పూడిమడక ఒడ్డున స్తంభానికి కట్టిన మైకులోంచి వినిపిస్తుంది. వినిపించేది మిషను గొంతు కాదు, ఆమె తండ్రి ఎల్లాజీ గొంతు. ఆ గొంతు ఎరగని పడవ ఆ తీరంలో లేదు.

రెండేళ్ళ కిందట ఎల్లాజీ వేటకెళ్ళి తిరిగి రాలేదు. కూతురు ఒడ్డున పడి ఏడుస్తున్న రోజుల్లోనే, ఆమెతో చదువుకుని ఆమెతో పనిచేసిన నితీష్ ఆ ప్యాకేజీని చూసుకునే మనిషి లేని అనాథ అని చాటించాడు. తనే దత్తత తీసుకున్నాడు. ఎల్లాజీ గొంతు పీకి పారేసి మిషను గొంతు పెట్టాడు. ఆ పనినే గొప్పగా చూపించుకుని హైదరాబాదులో ఉద్యోగం కొట్టాడు. అప్పట్నుంచీ సత్యలక్ష్మి కడుపులో నిప్పు పెట్టుకుని బతుకుతోంది. ఇప్పుడు వాడే ఆమె గుమ్మంలో ఉన్నాడు, చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని.

"ఎవరే?" పెరట్లోంచి తల్లి కేకేసింది.

కొర్లమ్మ పూడిమడక నుంచి చేపలు తెచ్చి అనకాపల్లి మార్కెట్లో అమ్ముతుంది. గాలి హెచ్చుగా ఉందని పడవలు దించలేదు, సరుకు రాలేదు. అందుకే ఆదివారం పూట కూడా గవరపాలెం అద్దింట్లోనే ఉండిపోయింది. ఎండుచేపల మీద కప్పిన వల సర్దుకుంటూ వచ్చి, కూతురి భుజం మీదుగా చూసింది. ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఓలమ్మ, నువ్వా బాబూ. మా ఆయన గొంతు ఫోన్లో పట్టుకున్న బాబు కదే. గుమ్మంలో నిలబెట్టేసేవేటే, బిచ్చగాణ్ణి నిలబెట్టినట్టు? రా బాబూ, కూకో."

సత్యలక్ష్మి పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆ రెండేళ్ళలో తల్లికి ఆమె నిజం చెప్పలేదు. ఒడ్డున మైకులో ఆయన గొంతు రావట్లేదేమని కొర్లమ్మ అడిగినప్పుడల్లా, మిషను పాడైంది, బాగుచేస్తారు అని నెట్టుకొచ్చింది. మొగుడి శవం దక్కలేదు, గొంతు కూడా దక్కలేదని ఏ నోటితో చెప్తుంది?

నితీష్ లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. కె. కోటపాడు దగ్గర చెరకు రైతు కొడుకు. ఒకప్పుడు ఎత్తు భుజాలు, ఎగరేసిన కాలరు. ఇప్పుడు చొక్కా ఇస్త్రీ లేదు.

"టీ ఎడతాను," అని కొర్లమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

"ఎందుకొచ్చేవో చెప్పు," అంది సత్యలక్ష్మి.

"నీకు తెలుసు కదా సత్యా. తీరం మెయిల్ లిస్టులో పెట్టేను."

"లిస్టులో చదివేను. నీ నోటంట వినాలి."

"నా కీ పోయింది. కొత్త కీ చేసుకున్నాను. దానికి రెండు సంతకాలు కావాలి. నానాజీ అన్న పొద్దున్న ఒకటి పెట్టేడు. రెండోది..."

"రెండోది?"

"నువ్వు పెట్టాలి."

ఆ మాట చెప్పేటప్పుడు వాడు తల దించుకున్నాడు. సత్యలక్ష్మి ఆ దించిన తలని తనివితీరా చూసింది.

తీరంలో ఒక పద్ధతి ఉంది. ప్యాకేజీలన్నీ దాచిపెట్టే సర్వర్‌కి మనుషులు తెలీదు, పేర్లు తెలీదు, ఏడుపులు తెలీదు. దానికి తెలిసింది కీ ఒక్కటే, అంటే ఒక్కో మెయింటైనరూ తన కంప్యూటర్లో దాచుకునే రహస్య అంకెల వరస. మెయింటైనరు తన కీతో సంతకం పెట్టి పంపితేనే ప్యాకేజీ లోపలికి తీసుకుంటుంది, సంతకం లేకపోతే బ్రహ్మదేవుడు పంపినా తీసుకోదు. కీ పోగొట్టుకున్నవాడు కొత్తది చేసుకుంటే, పాత సభ్యులిద్దరు వాణ్ణి కళ్ళారా చూడాలి. ఫోను పనికిరాదు, వీడియో పనికిరాదు. ఎదురుగా కూర్చోబెట్టి, పేరడిగి, ఆధార్ కార్డు చూసి, కొత్త కీని గుర్తుపట్టే అంకెల్ని, అంటే దాని ఫింగర్‌ప్రింట్‌ని, వాడి నోటితోనే చదివించి, సరిపోతే సంతకం పెట్టాలి. మంచివాడా, దొంగా అన్నది రూలుకి అక్కర్లేదు. ఈ మనిషి ఈ మనిషేనా, అంతే.

మిగతా సభ్యులు ఒకరు చెన్నైలో, ఒకరు పుణెలో. దగ్గర్లో ఉన్నది ఇద్దరే. బెల్లం మార్కెట్ పక్కన కంప్యూటర్లు బాగుచేసే నానాజీ, పరవాడ మందుల కంపెనీలో లెక్కలెక్కించే సత్యలక్ష్మి. సాయంత్రం ఆరింటికి ఫ్రీజ్. అంటే తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత కొత్త విడుదలలోకి ఏదీ ఎక్కదు, తప్పులున్న ప్యాకేజీ ఏదైనా ఆ గంటకి బయటికి పోతుంది. వేటకబురులో పెద్ద తప్పుంది. ఒక్కోసారి అది కొత్త కబురు అందుకోకుండా, లోపల మిగిలిన పాత కబురునే ఇవాళ్టి కబురని చదివేస్తుంది. నితీష్ దాన్ని దిద్దాడు, కానీ కీ లేక ఎక్కించలేకపోతున్నాడు.

"పాత కీ ఏమైంది?"

"డిస్కు కాలిపోయింది."

"కాపీ లేదా?"

"లేదు."

"హైదరాబాదులో అంత పెద్ద ఆఫీసు. ఓ కాపీ పెట్టుకోడానికి చోటు లేకపోయిందా నీకు?"

"ఆఫీసు లేదు. తీసేసేరు."

"అలాగా," అంది సత్యలక్ష్మి. ఇంతకంటే కమ్మని మాట ఈమధ్య ఆమె వినలేదు.

కొర్లమ్మ స్టీలు గ్లాసుతో టీ తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "తాగు బాబూ. ఆయన గొంతు పట్టిన రోజు, నువ్వు మా ఇంట్లో కొయ్యంగ పులుసు తిన్నావు. గుర్తుందా? ముల్లు గుచ్చుకుంటే ఆయనే తీసేడు. ఆ మైకు ఎప్పుడు బాగవుద్దో నువ్వైనా సెప్పు. ఇది సెప్పదు. రేపు, ఎల్లుండి అంటది."

నితీష్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"చెప్పు," అంది సత్యలక్ష్మి. "మా అమ్మ అడుగుతోంది కదా."

"పిన్నీ, మైకు..."

"పాడవలేదని చెప్పు."

"మైకు పాడవలేదు పిన్నీ."

"మరి?"

"అందులో బాబాయి గొంతు తీసేసేను. నేనే."

కొర్లమ్మకి అర్థం కాలేదు. కూతురి మొహం చూసింది. అక్కడ చూసినదాంతో అర్థమైంది.

"తీసీడమేటి?"

"హక్కుల కాగితం లేదు పిన్నీ. ఎవరి గొంతైనా వాడుకోవాలంటే వాళ్ళు రాసివ్వాలి. బాబాయి రాసివ్వలేదు. ఆయన అప్పటికి..."

"సచ్చిపోయేడు."

"అది రూలు పిన్నీ."

కొర్లమ్మ గొంతు పెంచలేదు. "నీ ఫోను ఆయన నోటికాడ ఎట్టినప్పుడు ఆ రూలు లేదేటి? మా పులుసు తిన్నప్పుడు లేదేటి? బతికున్నోణ్ణి అడగలేదు గానీ సచ్చినోణ్ణి అడిగేవా కాయితం?"

వాడి చేతిలోంచి టీ గ్లాసు తీసుకుంది. పెరటి గుమ్మం దాకా వెళ్ళి, తూములో వంచేసి, గ్లాసు కడిగి బోర్లించింది. మళ్ళీ ఎండుచేపల దగ్గరికి పోలేదు. గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుంది, వాడి మొహం మీంచి చూపు తిప్పకుండా.

"నేను చేసింది తప్పే సత్యా," అన్నాడు నితీష్ మెల్లగా. "కానీ ఇప్పుడు టైము లేదు. సంతకం పెట్టు. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

"తిట్లు నాకెందుకు? రాయి."

"ఏం రాయాలి?"

సత్యలక్ష్మి తన లాప్‌టాప్ వాడి వైపు తిప్పింది. తీరం మెయిల్ లిస్టు తెరిచి ఉంది. మూడొందల మంది చదివే లిస్టు అది. అందులో పడిన మాట చెరగదు, ఎన్నేళ్ళయినా వెతుక్కున్నవాడికి దొరుకుతుంది.

"ఆ రోజు ఏం జరిగిందో రాయి. నేను ఆలోచిస్తాను."

వాడు గడియారం చూసుకున్నాడు. చేతులు కీబోర్డు మీద పెట్టాడు. మొదలుపెట్టడమే "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టాడు.

"అది చెరిపెయ్," అంది సత్యలక్ష్మి. "మన భాషలో రాయి. సత్యలక్ష్మి నాకు ఫోన్ చేసింది. వాళ్ళ అయ్య పడవ బోల్తా పడింది, మనిషి కనపడలేదు అని చెప్పింది. రాసేవా?"

"రాసేను."

"మెయింటైనరు పనికి రాలేకపోతే లిస్టుకి సెలవు చీటీ పంపాలి. ఆ చీటీ తన తరఫున పంపమని ఆమె నన్ను అడిగింది. నేను పంపుతానన్నాను."

టక్కు టక్కుమంటూ అక్షరాలు పడుతున్నాయి. కొర్లమ్మ కదలకుండా వింటోంది.

"పంపలేదు. బదులుగా, మెయింటైనరు జాడ లేదు, మెయిళ్ళకి జవాబు లేదు, ప్యాకేజీ అనాథ అయింది అని రాసేను. ఆమె ఎక్కడుందో నాకు తెలిసే రాసేను."

నితీష్ చేతులు ఆగిపోయాయి. "ఈ ముక్క వద్దు సత్యా. రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది. వాళ్ళు నా పేరు పెట్టి వెతుకుతారు. ముందు ఇదే కనపడుద్ది."

"కనపడనీ."

"మా నాన్నకి చెరకు ఫ్యాక్టరీ మూసేసిన దగ్గర్నుంచీ..."

"మీ నాన్న ఇంట్లో ఉన్నాడు కదా? సాయంత్రం వెళ్తే కనిపిస్తాడు కదా?" సత్యలక్ష్మి వంగి వాడి కళ్ళలోకి చూసింది. "మా అయ్య కనపడలేదని నీకు చెప్పుకుంటే, నేను కనపడలేదని రాసేవురా. ఒడ్డున అందరూ నీళ్ళకేసి చూస్తంటే, నా ఫోనులో నీ మెయిలు వచ్చింది. 'జాడ లేదు' అని. ఇసకలో కూకుని చదివేను దాన్ని. రాయి."

రాశాడు. చెమట చుక్క ఒకటి కీబోర్డు మీద పడితే మణికట్టుతో తుడిచాడు.

"ఎల్లాజీ గొంతుకి హక్కుల కాగితం కావాలంటే ఆయన భార్య రాసిస్తే సరిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అడగలేదు. పంపు."

పంపాడు. రోడ్డు మీద బెల్లం దిమ్మల లోడుతో ఆటో ఒకటి గతుకుల్లో ఎగిరెగిరి పోయింది.

సత్యలక్ష్మి ఫోన్ మోగింది. నానాజీ. స్పీకర్ మీద పెట్టింది, వాడు వినాలని.

"సత్యా, ఏటిదమ్మా ఇది? ఆడేనా రాసింది? ఎలా కక్కించేవు తల్లీ. నాకీ సంగతులు తెలిస్తే పొద్దున్న ఊరికే సంతకం ఎట్టేసీవాణ్ణా? మా కొట్టు ముందు ఎండలో నిలబెట్టి, ఒళ్ళంతా పానకం రాసి, సీమలకి అప్పజెప్పీవాణ్ణి. ఉన్నాడా అక్కడ? ఒరే నితీషూ, ఇంటన్నావా? మా కొట్టు మెట్టెక్కేవంటే కాళ్ళిరుగుతాయి."

నితీష్ చెవులు కందిపోయాయి. మెయిళ్ళు వచ్చి పడుతున్నాయి. పుణె నుంచి ఒకరు, చెన్నై నుంచి ఒకరు, ముక్కూ మొహం తెలీనివాళ్ళు పదిమంది. ఛీ అన్నవాళ్ళే తప్ప అయ్యో అన్నవాడు లేడు. సత్యలక్ష్మి ఒక్కోటీ పైకి చదివింది. తొందరపడకుండా చదివింది. రెండేళ్ళ ఆకలి అది, గుక్కెడు నీళ్ళతో తీరేది కాదు.

చదవడం అయ్యాక నితీష్ ఫోల్డరులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ఆధార్ కార్డు, దాని మీద పెన్ను. "నువ్వు చెప్పిందల్లా రాసేను. సంతకం పెట్టు."

"పెట్టను."

"అదేంటి? పెడతానన్నావు."

"ఆలోచిస్తానన్నాను. ఆలోచించేను. పెట్టను."

వాడు కాగితాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"ఆరింటికి నీ ప్యాకేజీ తప్పులతో సహా బయటికి పోద్ది," అంది సత్యలక్ష్మి. "ఆ పేరు ఖాళీ అవుద్ది. ఖాళీ అయిన మరుక్షణం నా వేటకబురు లోపలికెళ్తుంది. ఫ్రీజ్‌కి ముందే వరసలో నిలబెట్టేను కాబట్టి దానికి అడ్డు లేదు. తప్పు దిద్దేను. మా అయ్య గొంతు పెట్టేను. మా అమ్మ చేత కాగితం రాయించేను, మైకు బాగుచెయ్యడానికని చెప్పి. నువ్వు నన్ను అనాథని చేసిన రూలుతోనే నిన్ను గెంటుతున్నాను. ఇంక లెగు."

కొర్లమ్మ కూతుర్ని కొత్తగా చూసింది. "అదా ఆ కాయితం," అంది. అని, పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

నితీష్ లేచాడు. కాగితం తీసుకోబోయాడు. అప్పుడే లాప్‌టాప్ టింగుమంది.

తీరంలోకి ఏ ప్యాకేజీ ఎక్కినా సర్వర్ లిస్టుకి ఒక ముక్క కొడుతుంది. సత్యలక్ష్మి అలవాటుగా అటు చూసింది. చూసి, మళ్ళీ చదివింది.

వేటకబురు. కొత్త వెర్షన్. అందింది. సంతకం సరిపోయింది. పంపినది: నితీష్.

వాడి రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

"నువ్విక్కడున్నావు," అంది సత్యలక్ష్మి. "సంతకం ఎవడు పెట్టేడు?"

వాడి చూపు బల్ల మీదికి దిగిపోయింది.

"కాలిపోయిందన్నావు కదా కీ."

"కాలిపోలేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంది. తీసేసిన రోజు గేటు దగ్గరే లాక్కున్నారు."

"లాక్కుంటే? పాస్‌వర్డు లేకుండా కీ ఎలా పనిచేస్తుంది?"

"పాస్‌వర్డు మా మేనేజరుకి తెలుసు. ఓసారి జ్వరం వచ్చి ఊళ్ళో ఉండిపోతే, పని ఆగకూడదని ఫోన్లో చెప్పేను."

సత్యలక్ష్మికి ఒక్క క్షణం కోపం కూడా రాలేదు. ఈ పని చేసేవాడు ఇల్లు తాకట్టు పెట్టుకుంటాడు, బండి అరువిస్తాడు, ఆ పాస్‌వర్డు మాత్రం కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పడు. పేరుకి తీరంలో నాలుగేళ్ళ నుంచి ఉన్నవాడు వీడు.

ఆ వచ్చినదాన్ని దింపి, విప్పి, నడిపింది. లాప్‌టాప్ స్పీకర్ ఒకసారి గరగరలాడింది. తర్వాత ఎల్లాజీ మాట్లాడాడు.

"పూడిమడక వోళ్ళకి కబురు. గాలి లేదు. కెరటం సిన్నది. అందరూ ఏటకి ఎల్లండి."

అదే జీర. మాట చివర అదే చిన్న దగ్గు లాంటి ఆగుడు. కొర్లమ్మ నేల మీంచి ఎలా లేచిందో ఎవరూ చూడలేదు. లాప్‌టాప్ ముందు నిలబడి ఉంది.

"మళ్ళీ ఎట్టు," అంది.

సత్యలక్ష్మి మళ్ళీ పెట్టింది. కొర్లమ్మ ఈసారి కళ్ళు మూసుకుని విన్నది.

"ఇది మీ అయ్య కాదే."

"గొంతు అయ్యదే అమ్మా."

"గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు. ఎల్లండని ఆయన ఎప్పుడన్నా అన్నాడేటి? ఏటకెల్లే మడిసికి ఎల్లొద్దని సెప్పొచ్చు. లేదా నోరు మూసుకోవొచ్చు. ఎల్లమనకూడదు. ఆడు తిరిగి రాకపోతే ఆ పాపం సెప్పినోడి మెడకి సుట్టుకుంటది. తాత ముత్తాతల్నించీ పడవ నడిపే ఏ సరంగూ అనలేదా మాట. ఆ మాట పలకమని ఈ బాబు అడిగితే, ఆయన ఫోను తోసీలేదా?"

నితీష్ కొర్లమ్మ వైపు చూడకుండా చెప్పాడు. "బాబాయి రికార్డింగులు కంపెనీకి ఇచ్చేను. వాళ్ళు మిషనుకి నేర్పించేరు, ఆయనలా మాట్లాడ్డం. ఏ మాటైనా ఆ గొంతుతో అనిపిస్తారు. ఊళ్ళోవాళ్ళు మిషను గొంతు నమ్మట్లేదు, తెలిసిన గొంతైతే నమ్ముతారని నేనే చెప్పేను."

సత్యలక్ష్మి వినడం లేదు. వాతావరణ కేంద్రం పేజీ తెరిచి చూస్తోంది. ఇవాళ్టి కబురు ఎర్రగా ఉంది. మధ్యాహ్నం నుంచి ఈదురుగాలి, ఎవరూ సముద్రంలోకి పోరాదు. ఎల్లాజీ గొంతు చదివింది ప్యాకేజీలో మిగిలిపోయిన నాలుగు రోజుల కిందటిది. కంపెనీవాళ్ళు గొంతు మార్చారు తప్ప తప్పు దిద్దలేదు. పైగా కొత్తది ఏదొచ్చినా మొట్టమొదట తీసుకునేది పూడిమడక మిషనే. పరీక్షకని దాన్ని అలా అమర్చింది సత్యలక్ష్మే.

"అమ్మా, చిన్నాయనకి ఫోన్ చెయ్."

కొర్లమ్మ అప్పటికే చేస్తోంది. ఎల్లాజీ తమ్ముడు దేముడు చాలాసేపటికి ఎత్తాడు. వెనకాల ఇంజన్ మోత, మనుషుల అరుపులు, గాలి.

"వొదినా, ఇన్నావా? అన్న గొంతు పలికింది. అన్ని నాళ్ళకి మళ్ళీ పలికింది. ఒడ్డంతా ఏడుపులే. ముసిలోళ్ళు దండం ఎడతన్నారు."

"దేముడూ, ఎల్లకు. అది ఆయన కాదు. ఇంటన్నావా? గాలుంది..."

"అన్నే ఎల్లమన్నాడొదినా. ఆయన మాటంటే ఎల్లకుండా ఎలాగ? పడవలన్నీ దించుతన్నాం. ఫోను కవర్లో ఎట్టి కట్టీమంటన్నారు, ఉంటాను."

తెగిపోయింది. మళ్ళీ చేసినా, ఒడ్డున ఇంకో ఇద్దరికి చేసినా మోగి మోగి ఆగింది. పడవ దించేటప్పుడు ఫోన్లు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టెలో పడేస్తారు. ఇంక ఆ గోలలో వాళ్ళకి వినపడేది స్తంభం మీది మైకు ఒక్కటే. మైకులో ఎల్లాజీ పదేపదే ఎల్లండి, ఎల్లండి అంటూ ఉంటాడు.

"దాన్ని ఆపీలేవా?" కొర్లమ్మ కూతురి జబ్బ పట్టుకుంది. "నువ్వే కదా కట్టేవు."

"నాది కాదమ్మా ఇప్పుడు. ఎవరి ప్యాకేజీ వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. నేను చెప్తే సర్వర్ వినదు."

"ఎవరు సెప్తే ఇంటది?"

సత్యలక్ష్మి బల్ల మీది కాగితం తన వైపు లాక్కుంది. పెన్ను తీసుకుంది.

"పేరు చెప్పు. ఫింగర్‌ప్రింట్ చదువు. తొందరగా. నీ కొత్త కీతో దాన్ని పీకెయ్, పాత కీ రద్దు చెయ్."

నితీష్ సత్యలక్ష్మి చేతిలోని పెన్నునీ, కిటికీ అవతల ఊగుతున్న కొబ్బరి మట్టల్నీ చూశాడు. ఇందాకటి దాకా బల్లకి అంటుకుపోయిన చూపు మెల్లగా పైకి లేచింది. చెయ్యి చాపి ఆధార్ కార్డు తీసుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకుని, ఇందాక లేచిన కుర్చీలోనే మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని.

"ఒరే, అక్కడ మడుసులురా," అంది కొర్లమ్మ.

"తెలుసు పిన్నీ. నన్ను కూడా మూడొందల మంది మనుషుల ముందు బట్టలిప్పి నిలబెట్టేరు కదా ఇప్పుడే. రేపటి ఉద్యోగం పోయినట్టే. అంతా రాసేక కూడా లెగు అంది." వాడు సత్యలక్ష్మి వైపు తిరిగాడు. "లిస్టుకి ఇంకో మెయిలు పెట్టు. ఆ రాసిందంతా అబద్ధం, సంతకం ఎర చూపించి నేనే బలవంతంగా రాయించేనని. వరసలో నిలబెట్టిన నీ ప్యాకేజీ వెనక్కి తీసుకో. అది నా కళ్ళతో చూసేక చదువుతాను అంకెలు."

గాలి పెరట్లో వలని ఎత్తి గోడకేసి కొట్టింది.

"తొందర నాది కాదు సత్యా," అన్నాడు నితీష్. "మీది."